మునుగుచున్న కారునుండి బయటపడు విధము

నీటబడిన కారు తత్క్షణమే అడుగునకు చేరునని పెక్కుమంది తలంతురు. వాస్తవమది కాదు. వేయి కిలోగ్రాముల బరువుగల కారు తేలుటకు, ఆర్కిమిడీసు సూత్రము ననుసరించి, ఒక ఘనమీటరు నీటిని తొలగించిన చాలును. తలుపులును కిటికీలును మూసియున్న కారులో అంతకు మించిన గాలి యుండుటచేత, ఖాళీ బిందె చెరువునీట తేలునట్లు అదియు కొంతసేపు తేలియుండును. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్, మనుష్యులు కూర్చున్న వాహనమునే నీటిలోనికి దింపి పరీక్షలు గావించి, ఈ వ్యవధి సాధారణముగా 30 సెకన్లు మొదలు 2 నిమిషముల వరకే యుండునని తెలిపెను. ప్రాణరక్షణకు గల అదను ఇదియే.

భయభ్రాంతుడైన మనుజుని చేయి మొదట పోవునది తలుపుపిడి మీదికి. ఒక చదరపు మీటరు వైశాల్యముగల తలుపు పైయంచు వరకు నీట మునిగి, లోపల ఇంకను నీరు చేరకున్నచో, దానిపై పడు జలపీడనము సుమారు 500 కిలోగ్రాముల బరువునకు సమానము. కీలునకు దూరముగా, పిడివైపున తోసినను దానిలో సగము బలము కావలయును. కారు తేలుచున్న తొలి క్షణములలో తలుపు తెరచుకొన్నను ముప్పే, ఏలయన నీరు వెల్లువగా లోనికి చొచ్చి, వెనుక సీటులోనివారు కదలులోపలనే కారు మునుగును. లోపల నీరు నిండి పీడనము సమమగు వరకు వేచియుండుటయు ప్రాణాపాయకరమే.

కనుక మార్గము కిటికీ. మొదట సీటుబెల్టులు విప్పవలెను. వెంటనే కిటికీ అద్దములు దింపవలెను. పిమ్మట పిల్లలను ముందు వెలికి పంపి తామును వెడలవలెను. విద్యుత్తుతో నడచు కిటికీలు నీటబడిన పిదపను సాధారణముగా కొంతసేపు పనిచేయును గాని, నీరు అద్దమును ఒత్తుట మొదలిడినచో అవి కదలకపోవచ్చును. ఫోను చేయుట బయటపడిన తరువాతి పని. ఒక్క నిమిషములో వచ్చి ఆదుకొనువారెవ్వరును ఉండరు.

అద్దము దిగనిచో పగులగొట్టవలెను. పక్క కిటికీలకు సాధారణముగా వాడు టెంపర్డ్ అద్దమును, కాచిన పిదప పైపొరలు వడిగా చల్లారునట్లు చేయుదురు; అందుచే పైపొరలలో సంపీడనమును, నడుమ తన్యతయు నిలిచియుండును. గట్టి ఉక్కుమొన పైపొరను ఛేదించినంతనే ఆ సమతౌల్యము భగ్నమై అద్దమంతయు చిన్నచిన్న పలుకులగును. మధ్యను కాక, మూలకు దగ్గరగా కొట్టుట మేలు. ముందు అద్దము ప్లాస్టిక్ పొరతో అతికిన లామినేటెడ్ అద్దమగుటచే చిట్లునే గాని దారి యీయదు. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దములును ఇట్టివే.

గోదావరి, కృష్ణా డెల్టాలలో ఎన్నియో రహదారులు కాలువగట్లను అంటి సాగుచున్నవి గనుక ఈ విషయము మనకు దూరదేశపు వార్త కాదు. కారు గలవారు అద్దపు మూలనుండు ముద్రను చదివి అది ఏ రకమో నేడే తెలిసికొని, అద్దము పగులగొట్టు పనిముట్టును డిక్కీలో గాక చేతికందు చోట నుంచి, బెల్టు, కిటికీ, పిల్లలు, తాము అను క్రమమును ఇంటిల్లిపాదికిని కంఠస్థము చేయింపవలెను.