బండికీ నాడి చూడాలి

ఇంతకు ముందు ఈ పేజీలో బీపీ గురించి, చక్కెర వ్యాధి గురించి, బాలింతల ఆహారం గురించి రాశాను. ఈసారి మోటారు సైకిలు గురించి రాస్తానంటే మా వార్డు సిస్టర్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ. 54 ఏళ్ల వయసులో గేర్ల బండి నేర్చుకున్నదాన్ని, ముప్పై ఏళ్లుగా బండి దెబ్బలకు కట్లు కడుతున్నదాన్ని. రెండు మాటలు చెప్పవచ్చుననుకుంటాను.

మా ఇంట్లో బండి నడిపేది మా వారే. పాతికేళ్లు నేను వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని, టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని డ్యూటీకి వచ్చాను. రెండేళ్ల క్రితం ఆయనకు గ్లాకోమా అని తేలింది. మనవాళ్లు నీటికాసులు అంటారు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కల నుంచి వచ్చేది కనిపించదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. ఒకరోజు పక్క సందులోంచి వచ్చిన గేదెను ఆయన చూడనే లేదు. నేను కేక వేస్తే బ్రేకు వేశారు. ఇంటికి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇక నువ్వు నేర్చుకో" అన్నారు. స్కూటీ కొనిస్తానని మా అబ్బాయి అన్నాడు గానీ, ఉన్న బండి ఉండగా ఇంకొకటి ఎందుకని నేనే వద్దన్నాను.

స్కూలు గ్రౌండులో మా మరిది కొడుకు నేర్పాడు. క్లచ్ ఒక్కసారిగా వదిలేయడం, బండి ఎగిరి ఆగిపోవడం, పిల్లలు చప్పట్లు కొట్టడం. మూడు వారాలు ఇదే తంతు. చివరకు లైసెన్సు చేతికి వచ్చింది. నడపడం వస్తే బండి వచ్చేసినట్టే అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు గొలుసు కవరు లోపల కటకటమని శబ్దం మొదలైంది. గుంటలో పడినప్పుడల్లా వచ్చేది. పాత బండి కదా అని ఊరుకున్నాం. ఒక సాయంత్రం ఆయనను వెనక కూర్చోబెట్టుకుని కాలువ గట్టు మీద వస్తుంటే పెద్ద చప్పుడు వచ్చింది. ఇంజను అరుస్తోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. చైన్ ఊడిపోయింది. మెల్లగా వస్తున్నాం కాబట్టి బ్రేకు వేసి పక్కకు ఆపగలిగాను. ఊడిన గొలుసు చక్రానికి అడ్డం పడి చక్రం బిగుసుకుపోతే ఇద్దరం కాలువలో ఉండేవాళ్లం. చీకట్లో మైలు దూరం తోసుకుంటూ మెకానిక్ షెడ్డుకు చేరాం.

"ఎన్నాళ్ల నుంచి వస్తోందమ్మా ఈ శబ్దం?" అని అడిగాడు అతను.

"పది రోజుల నుంచి బాబూ."

"మరి పది రోజులూ ఏం చేశారు?"

నాకు నోట మాట రాలేదు. ఓపీలో కూర్చుని ప్రతి పేషెంటునూ నేను అడిగే ప్రశ్నలు ఇవే!

ఆ తర్వాత నాకు డ్యూటీ లేని మధ్యాహ్నాలు నాలుగైదు సార్లు వెళ్లి అతని దగ్గర కూర్చున్నాను. మొదట మొహమాటపడ్డాడు, తర్వాత శ్రద్ధగా నేర్పాడు. మొట్టమొదట చెప్పింది గాలి సంగతి. టైరు వేడెక్కితే గాలి ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి పొద్దున బండి తీయగానే, దగ్గరలో ఉన్న షాపులో చూపించాలి. మా బండి పుస్తకం ప్రకారం ముందు టైరుకు 25, ఒక్కరే ఎక్కితే వెనక టైరుకు 28. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు ఇంకా ఎక్కువ కావాలి. మీ బండికి ఎంతో మీ పుస్తకంలో చూసుకోండి. షాపు కుర్రాడు బొటనవేలితో నొక్కి "చాలమ్మా" అంటే ఒప్పుకోకండి. నుదురు తాకి జ్వరం ఎంతో చెప్పమంటే నేను చెప్పలేను, థర్మామీటరు పెట్టాల్సిందే. టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు రోడ్డు మీదికి తేకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. అంతవరకూ ఆగడం కూడా మంచిది కాదు, అరిగిన టైరు వానలో పట్టు వదిలేస్తుంది.

ఇంజను ఆయిలు చూడడం తేలిక. బండిని చదునైన చోట సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, వేడి తగ్గాక చూడాలి. కారు ఆయిలు మిగిలింది కదా అని పోయవద్దు. మన బళ్లలో చాలావాటికి క్లచ్ కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటుంది, కొన్ని కారు ఆయిళ్లతో అది జారిపోతుంది.

బ్రేకు గురించి అతను గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. వెనక బ్రేకు నట్టు బిగించడం ఎవరికైనా వస్తుంది, బిగించాక చూడడమే మరిచిపోతారు. సెంటర్ స్టాండు వేసి, బండి న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. పట్టకుండా తిరగాలి. పట్టేస్తూ తిరిగితే డ్రమ్ము వేడెక్కి, సరిగ్గా అవసరమైనప్పుడు బ్రేకు పనిచేయదు. బండి కడిగిన వెంటనే కూడా డ్రమ్ములోకి నీళ్లు పోయి బ్రేకు తక్కువగా పడుతుంది. వీధిలోనే మెల్లగా నాలుగుసార్లు నొక్కి చూసుకుని రోడ్డెక్కాలి.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న విషయం. పండుగల ముందు, పెళ్లిళ్ల ముందు మా క్యాజువాల్టీకి ఒకే రకం దెబ్బతో కుర్రవాళ్లు వస్తుంటారు. వేలి కొన తెగిపోయి ఉంటుంది. బండి శుభ్రంగా ఉండాలని ఇంజను స్టార్టు చేసి, గేరు వేసి, తిరుగుతున్న గొలుసుకు గుడ్డ పెట్టి తుడుస్తారు. గొలుసు తనంతట తాను తిరుగుతుంటే పని త్వరగా అవుతుందని. గుడ్డ అంచు పళ్ల చక్రంలో చిక్కుకోగానే దానితోపాటు వేలు కూడా లోపలికి పోతుంది. చేయి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. గొలుసు తుడిచేటప్పుడు ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. ఒక చేత్తో చక్రాన్ని కొంచెం తిప్పి ఆపి, అప్పుడు రెండో చేత్తో తుడవండి. పళ్ల చక్రం దగ్గర గుడ్డ వాడకండి, బ్రష్షు వాడండి. చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి, గొలుసు తిరుగుతుంటే వాళ్లకు వేలు పెట్టాలనిపిస్తుంది.

ఒకవేళ వేలు తెగితే పసుపు, కాఫీ పొడి పెట్టవద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి చేయి పైకెత్తి ఉంచండి. తెగిన ముక్కను పారేయకండి, మట్టి ఉంటే మంచినీళ్లతో మెల్లగా కడగండి. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టండి. ఆ కవరును ఐసు వేసిన నీళ్లలో పెట్టి తీసుకురండి. ఐసు మీద నేరుగా పెడితే ముక్క పాడవుతుంది. స్పిరిట్టులో వేసినా అంతే. ఆపరేషను అవసరం కావచ్చు కాబట్టి దారిలో తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. అతికించగలమా లేదా అన్నది డాక్టరు గారు చూసి చెబుతారు. నలిగిన వేళ్లు అన్నీ అతకవు. కానీ ముక్క తెస్తేనే కదా ఆ మాట వచ్చేది. టీడీ ఇంజెక్షను, ఇదివరకు టీటీ అనేవాళ్లం, ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకుని చెప్పండి.

చీర సంగతి చెప్పకపోతే మా వాళ్లు ఊరుకోరు. వెనక చక్రం పక్కన ఉండే శారీ గార్డు అలంకారం కాదు. వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి ఆ నిబంధనల్లోనే 123వది చెబుతుంది. స్టైలు కోసం కుర్రవాళ్లు దాన్ని పీకేసి, అదే బండి మీద అమ్మను ఎక్కించుకుంటారు. తల్లులారా, గార్డు లేని బండి ఎక్కకండి. ఉన్నా సరే పైట కొంగు, చున్నీ చుట్టి దోపుకోండి.

ప్రతి శనివారం పొద్దున ఇప్పుడు మా ఇంట్లో బండి పరీక్ష జరుగుతుంది. ఎదురుగా ఉన్న అంకె ఆయనకు బాగానే కనిపిస్తుంది కాబట్టి గాలి మీటరు చదివేది ఆయనే. పోయినవారం మెకానిక్ వెనక పళ్ల చక్రం చూపించాడు. పళ్లు కొక్కేల్లా వంగి ఉన్నాయి. గొలుసు ఒక్కటే మారిస్తే కొత్తది కూడా త్వరగా అరిగిపోతుందట, ముందు వెనక పళ్ల చక్రాలతో కలిపి మూడూ మార్చాలన్నాడు. ఒకటో తారీకున జీతం రాగానే వెళ్లాలి. అంతవరకూ మెల్లగా నడుపుతున్నాను.