షెరీఫు కొలువున డిప్యూటీ: అతని విధులు, దేహశ్రమ



షెరీఫు అను మాట మన తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు. పూర్వము చెన్నపట్టణమున షెరీఫు అను నొక ఉద్యోగి యుండెను. కాలక్రమమున అది గౌరవపదవిగా మాఱినది. నగరములోని పెద్దమనుష్యులలో నొకరు దానిని స్వీకరించి, పౌరసభలను పిలుచుటయు, గొప్ప అతిథులకు స్వాగతము చెప్పుటయు చేయుచుండిరి. తుదకు చెన్నపట్టణమున ఆ పదవియే లేకపోయినది. నేడు నేను చెప్పబోవునది ఆ షెరీఫును గూర్చి కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేటికిని నిజమైన అధికారముతో నిలిచియున్న షెరీఫును గూర్చియు, ముఖ్యముగా అతని పేరిట రాత్రింబవళ్లు పనిచేయు డిప్యూటీని గూర్చియు రెండు మాటలు మనవి చేసెదను.

మనకేల ఈ విషయము అని మీరడుగవచ్చును. మన పల్లెలనుండి వెళ్లినవారి బిడ్డలు వేలకొలది ఆ దేశమున కాపురములు చేయుచున్నారు. వారిని చూడబోవు తల్లిదండ్రులును అనేకులు. అక్కడ బాటలో కారు ఆపి పలుకరించు రక్షకభటుడు పలుచోట్ల ఈ డిప్యూటీయే. అతడెవరో, ఏల అట్లు ప్రవర్తించునో తెలిసియుండుట మేలని నా యభిప్రాయము.

షెరీఫు పదవి చాల ప్రాచీనమైనది. ఇంగ్లండు దేశమున జిల్లావంటి భాగమును షైరు అనియు, దానిపై రాజు నియమించిన అధికారిని రీవు అనియు పిలిచెడివారు. ఆ రెండు మాటలును కలిసి షెరీఫు అయినది. 1066లో నార్మనులు ఆ దేశమును జయింపక పూర్వమే ఈ ఉద్యోగముండెను. 1215 నాటి మహాశాసనమైన మాగ్నాకార్టాలో షెరీఫుల అధికారమునకు హద్దులు విధింపబడినవి. ఆంగ్లేయులు అమెరికాకు వలసపోయినపుడు ఈ పదవిని వెంట గొనిపోయిరి. అయితే అక్కడ నొక గొప్ప మార్పు కలిగినది. ఇంగ్లండున షెరీఫు రాజుగారి మనిషి. అమెరికాలో చాల రాష్ట్రములందు అతడు ప్రజల వోట్లచే నెన్నుకొనబడిన మనిషి. ఆ దేశమున కౌంటీలు, అనగా జిల్లాలవంటివి, మూడువేలకు పైగా గలవు. ఇంచుమించు ప్రతి కౌంటీకిని ఒక షెరీఫు గలడు.

ఒక్క షెరీఫు కౌంటీయంతయు తిరుగజాలడు గదా! అందుచేత అతడు డిప్యూటీలను నియమించును. వారు ప్రమాణము చేసి పనిలో ప్రవేశింతురు. డిప్యూటీ చేసిన పని షెరీఫు చేసిన పనియే. వాని సంఖ్య కౌంటీనిబట్టి యుండును: ఒకచోట నలుగురైదుగురు, మఱియొకచోట వేలమంది.

మన గ్రామములలో మునసబు కరణముల ఉద్యోగములు ఆంధ్రప్రదేశమున 1984లో రద్దయినను, ఆనాటి వ్యవస్థ మీలో పలువురికి జ్ఞప్తియందుండును. తలారి రాత్రులు గస్తీ తిరిగెడివాడు. ఠాణాలోని జవాను దొంగను పట్టెడివాడు. సబ్‌జైలు వార్డరు బందీని కాచెడివాడు. కోర్టు అమీనా సమనులు తెచ్చి జప్తులు జరిపెడివాడు. ఈ నలుగురి పనులును అమెరికాలో ఒక్క షెరీఫు కచేరికే చెందును. ఈశాన్య రాష్ట్రములలో కొన్నింట మాత్రము గస్తీపని లేక, జైలు, కోర్టు పనులే యుండును. తక్కినచోట్ల డిప్యూటీ తన ఉద్యోగకాలమున ఈ నాలుగింటిలో దేనినైనను చేయవలసివచ్చును.

మొదటిది గస్తీ. పట్టణములకు వేఱుగా పోలీసుశాఖలు గలవు. ఆ హద్దులకు వెలుపలనున్న పల్లెలు, పొలములు, అడవులు, ఎడారులు షెరీఫువి. క్యాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ విస్తీర్ణము 20,000 చదరపు మైళ్లకు పైమాట. 2022లో విభజింపబడకమునుపు మన అనంతపురము జిల్లా సుమారు 7,400 చదరపు మైళ్లుండెను. అట్టివి రెండున్నర జిల్లాలకంటె పెద్దదైన సీమ అది. అట్టి చోట్ల డిప్యూటీ తఱచుగా ఒంటరిగా కారులో తిరుగుచుండును. ఎవరైనను 911 అను సంఖ్యకు ఫోను చేసినచో పిలుపు అతనికి జేరును. అది దొంగతనము కావచ్చును, ఆలుమగల కలహము కావచ్చును, కారు ప్రమాదము కావచ్చును, దారితప్పిన ముసలివాని వెదకుట కావచ్చును. తోడుగా రావలసిన మనిషి ఎన్నో మైళ్ల దూరమున నుండును. అంతవరకు ఏమి జరిగినను భారమతనిదే.

రెండవది జైలు. క్రొత్తగా చేరిన డిప్యూటీని పలు కౌంటీలలో మొదట జైలుపనికే పంపుదురు. లాస్ ఏంజిలీస్ కౌంటీ జైళ్లలో బందీలు పదివేలకు పైగా నుందురు. వారిలో చాలమంది ఇంకను విచారణ ముగియనివారు. అనగా నేరము ఋజువు కానివారు. బందీలుండు కొట్లలోనికి డిప్యూటీ తుపాకి తీసికొనిపోడు. అది బందీల చేతబడునను భయము కలదు. కావున అక్కడ వానికి రక్ష తన కన్నులు, తన మాట. తలలు లెక్కించుట, భోజనము పెట్టించుట, రోగిని గుర్తించుట, నిరాశచే ప్రాణము తీసికొనజూచువానిని కనిపెట్టుట, ఇవి నిత్యకృత్యములు.

మూడవది కోర్టు. న్యాయస్థానమున శాంతిని కాపాడుటయు, బందీలను జైలునుండి తెచ్చి మరల చేర్చుటయు డిప్యూటీ విధులు.

నాలుగవది కాగితముల పని. చూచుటకు తేలిక, మనసునకు మిక్కిలి భారమైనది. సమను ఇచ్చుట, ఆస్తిని జప్తుచేసి వేలమువేయుట, అద్దె చెల్లింపనివారిని కోర్టు ఆజ్ఞచొప్పున ఇల్లు ఖాళీ చేయించుట ఇందులోనివి. పిల్లలు చూచుచుండగా సామాను వీధిలో పెట్టించువాడు తీర్పు చెప్పిన న్యాయాధిపతి కాడు, అప్పిచ్చిన బ్యాంకువాడు కాడు, డిప్యూటీయే. 2008లో అప్పులు తీర్పలేక ఇండ్లు పోగొట్టుకొనువారి సంఖ్య ఆ దేశమున మిక్కుటమయ్యెను. షికాగో నగరముగల కుక్ కౌంటీలో అద్దె సక్రమముగా చెల్లించువారు సైతము, యజమాని బ్యాంకు బాకీ యెగవేసెనను మాటయే తెలియక, హఠాత్తుగా వెడలగొట్టబడుచుండిరి. ఆ యక్టోబరులో అక్కడి షెరీఫు టామ్ డార్ట్ ఇట్టి పనికి తన డిప్యూటీలను పంపనని బహిరంగముగా ప్రకటించెను. ఆ నెలలోనే అద్దెదారులకు ముందుగా తెలియజేయు జాగ్రత్తలు ఏర్పడిన పిమ్మట పని మరల సాగెను. ఆజ్ఞను జరుపువానికి కన్నులుండిననే ఆజ్ఞలోని లోపము బయటపడునని దీనివలన నాకు తోచుచున్నది.

ఇక దేహశ్రమను గూర్చి చెప్పెదను. క్యాలిఫోర్నియా రాష్ట్రమున డిప్యూటీ కాగోరువాడు కనీసము 664 గంటల శిక్షణ పొందవలెను. ఆ శిక్షణలోని శరీరపరీక్షలివి: మలుపులు, అడ్డంకులుగల 99 గజముల దారిని పరుగెత్తుట, ఆరడుగుల తీగెకంచె నెక్కి దాటుట, ఆరడుగుల గోడ నెక్కి దాటుట, 165 పౌండ్ల బొమ్మను 32 అడుగులు ఈడ్చుట, 500 గజములు పరుగెత్తుట. 165 పౌండ్లనగా మన 75 కిలోల ధాన్యపు బస్తా. బస్తానెత్తిన చేతులకు దాని బరువు తెలియును. మండుచున్న కారునుండియో, కాల్పుల నడుమనుండియో తెలివితప్పిన మనిషిని లాగవలసివచ్చినపుడు ఆ బరువే ఈడ్వవలెను.

ఇది పరీక్షలనాటి మాట. నిత్యజీవితము వేఱు. డిప్యూటీ నడుమునకు తుపాకి, గుండ్లు, బేడీలు, రేడియో, దీపము మొదలగువానితో పట్టీ బిగించుకొనును. ఱొమ్మున గుండ్లనాపు కవచముండును. ఈ రెండును కలిసి సుమారు 20 పౌండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటెను ఎక్కువ తూగును. ఆ బరువుతోనే పది పండ్రెండు గంటలు కారులో కూర్చుండవలెను. నడుమునొప్పి ఈ వృత్తివారికి సర్వసాధారణము. రాత్రి కొలువుచే నిద్ర చెడును. వేళకు భోజనముండదు.

అయినను బరువుకంటెను, నిద్రలేమికంటెను ప్రమాదకరమైనది మఱియొకటి కలదు. గంటలకొలది కదలక కూర్చున్న శరీరము ఒక్క నిమిషములో పరుగెత్తవలెను, పెనుగులాడవలెను. చల్లబడియున్న యెద్దును తటాలున లేపి బండకట్టి లాగించినట్లుండును. హార్వర్డు విశ్వవిద్యాలయపు వైద్యులు 1984 మొదలు 2010 వరకు విధులలో నుండగా హఠాత్తుగా గుండె ఆగి మరణించిన 441 మంది రక్షకభటుల వివరములను పరిశోధించి, 2014లో ప్రకటించిరి. ఎదిరించువానిని లొంగదీయు సమయమున అట్టి మరణము కలుగు అపాయము, సామాన్యమైన పనులలో నున్నప్పటికంటె 30 రెట్లకు పైగా నున్నదని వారు తేల్చిరి. తుపాకిగుండు మాత్రమే కాదు, తన గుండెయు డిప్యూటీకి శత్రువు కావచ్చును. కావుననే తెలిసినవారు వ్యాయామమును శిక్షణతో ముగింపక, ఉద్యోగమున్నంతకాలము సాగింపవలెనని చెప్పుదురు.

ఇంతటి బలము దేనికొఱకు? కొట్టుటకా? కాదని నేను దృఢముగా చెప్పుదును. బలముగలవాడు తొందరపడనక్కఱలేదు, అదియే బలము యొక్క ప్రయోజనము. 1974లో మెంఫిస్ నగరమున కంచె దాటి పారిపోవుచున్న నిరాయుధుడైన పదునైదేండ్ల బాలుని ఒక పోలీసు కాల్చి చంపెను. ఆ వ్యాజ్యెము సుప్రీము కోర్టుదాక పోయెను. పారిపోవువానివలన ఇతరుల ప్రాణములకు గొప్ప అపాయమున్నదని నమ్ముటకు తగిన కారణము లేనిదే, పట్టుకొనుటకొఱకు వానిని చంపరాదని 1985లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. కంచె నెక్కి వెంబడింపగలవాడు తుపాకి తీయకయే పని జరుపవచ్చును గదా!

బలము తొందరపాటుతో కలిసినచో ఏమగునో మనవారికే యెఱుకపడినది. 2015లో అలబామా రాష్ట్రమున మేడిసన్ పట్టణమున, కుమారుని యింటికి వచ్చిన గుజరాతీ తాతగారొకరు ఉదయము వీధిలో నడచుచుండిరి. ఎవరో అనుమానించి పోలీసులకు ఫోను చేసిరి. ఆయనకు ఇంగ్లీషు రాదు. పట్టణ పోలీసుభటుడొకడు ఆయనను నేలపై పడవేయగా వెన్నెముకకు దెబ్బ తగిలి శరీరము పాక్షికముగా చచ్చుబడెను. రెండు విచారణలలో జ్యూరీ ఏకాభిప్రాయమునకు రాలేదు. 2016 జనవరిలో న్యాయాధిపతి ఆ కేసును కొట్టివేసెను. ఆ భటుడు డిప్యూటీ కాకపోయినను, పాఠము ఇద్దరికిని ఒక్కటే.

రెండవ ప్రక్కను కూడ చూడవలెను. టెక్సాస్ రాష్ట్రములోని హారిస్ కౌంటీలో సందీప్ సింగ్ ధలీవాల్ అను సిక్కు డిప్యూటీ యుండెను. తలపాగాతో, గడ్డముతో కొలువు చేయుటకు ఆయనకు 2015లో అనుమతి లభించెను. 2019 సెప్టెంబరు 27వ తేదీన ఆయన ఒక కారును ఆపి, అందలివానితో మాటలాడి, తన కారువైపు మరలి నడచుచుండగా, వాడు వెనుకనుండి వచ్చి కాల్చి చంపెను. బాటప్రక్క కారు ఆపుట ఆ ఉద్యోగులకు దినమునకు పలుమార్లు చేయు పని. ఏ కారులో ఏమున్నదో వారికి తెలియదు.

అందుచేత అక్కడికి వెళ్లు పెద్దలకు నా మనవి యిది. మనయొద్ద అధికారి బండి ఆపినచో దిగి ఎదురేగి నమస్కరించుట మర్యాద. అక్కడ అట్లు దిగుట డిప్యూటీకి అపాయసూచనగా తోచును. కారు కుడిప్రక్కకు తీసి ఆపించుడు. అతడు చెప్పువఱకు సీటునుండి లేవకుడు. చేతులు కనబడునట్లు ఉంచుకొనుడు. కాగితములకొఱకు సంచిలోనో, జేబులోనో చేయిపెట్టుటకు ముందు చెప్పి పెట్టుడు. ఒంటరిగా నడువబోవునపుడు మీ పేరు, కుమారుని చిరునామా, ఫోను సంఖ్య, మీకు ఇంగ్లీషు రాదను మాట వ్రాసిన చీటీ నొకదానిని మెడలో వ్రేలాడదీసికొనుడు. పిలిచినచో నిలువుడు, పరుగెత్తకుడు. ఇందులో అవమానమేమియు లేదు. భయపడియున్న యిద్దరు మనుష్యుల నడుమ ఒకరు నెమ్మదిగా నుండినచో రెండవవానికిని నెమ్మది కలుగును.

ఊరిలో నమ్మకమైన తలారి యెవడని అడిగినచో, మన పెద్దలు ఎందఱిని కొట్టినవాడని చెప్పలేదు. ఎవని కాపుదలలో ఊరు నిద్రించెనో వానిని చూపిరి. సముద్రమునకావల డిప్యూటీకిని అదియే కొలత. కంచె దాటగల కాళ్లు, బస్తా ఈడ్వగల చేతులు వానికి కావలెను. వానిని అవసరమైనంతకు మించి వాడనీయని బుద్ధి అంతకంటె ముఖ్యముగా కావలెను. మీ మనుమలలో నెవరైన అక్కడ ఆ కొలువున చేరగోరినచో, ఈ రెండును కలవేమో చూచి ఆశీర్వదింపుడు.