పొడవాటి పైపులో పోయే ఒత్తిడి

ప్రెషర్ వాషర్ పంపు దగ్గర పుట్టిన ఒత్తిడి మొత్తం గన్ దాకా రాదు. మధ్యలో ఉన్న పైపు కొంత మింగేస్తుంది. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో పైపు పది మీటర్లకు మించదు కాబట్టి ఆ నష్టం ఎవరికీ పట్టదు. యాభై, అరవై మీటర్లు లాగాల్సిన చోట మాత్రం పని సాగేదీ లేనిదీ తేల్చేది అదే.

ముంబైలోని నాగ్‌పాడా, దాన్ని ఆనుకుని ఉన్న కామాఠీపురా అలాంటి చోట్లు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు పోటును ఆపాక, అంతకుముందు నీళ్లు చేరే ఈ పల్లపు నేల నివాసానికి పనికొచ్చింది. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకాలోని తెలుగు ప్రాంతాల వాళ్లు కూలికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. బొంబాయి నగరం కట్టడానికి రాయీ మట్టీ మోసిన ఆ కామాఠీల పేరే పేటకు నిలిచింది. అంకెలతో పిలిచే ఇక్కడి గల్లీల్లో పాత చాల్‌లు, అంటే వరస గదుల మేడలు, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఇలాంటి సందుల్లో చక్రాల మీద తోసే పెద్ద యంత్రం మొదట్లోనే ఆగిపోతుంది. లోపలికి పోయేది పైపు ఒక్కటే.

ఒత్తిడి పోవడానికి కారణం రాపిడి. పైపు గోడకు తగిలిన నీటి పొర దాదాపు కదలదు, మధ్యలోని నీరు వేగంగా పోతుంది. ఈ తేడా వల్ల నీటిలో సుడులు లేచి శక్తిని తినేస్తాయి. నీరు ఎప్పుడు నిలకడగా సాగుతుందో, ఎప్పుడు సుడులు తిరుగుతుందో ఆస్బర్న్ రేనాల్డ్స్ 1883లో మాంచెస్టర్‌లో గాజు గొట్టంలోకి రంగు నీటిని సన్నని చారగా వదిలి చూపించాడు. ఆయన పేరు మీద ఉన్న సంఖ్య సుమారు 2,300 దాటితే ప్రవాహం చెదరడం మొదలవుతుంది. ప్రెషర్ వాషర్ పైపులో ఆ సంఖ్య 30,000 పైమాటే. అంటే అక్కడ నీరు ఎప్పుడూ సుడులతోనే నడుస్తుంది.

ఎంత ఒత్తిడి పోతుందో లెక్కగట్టే సూత్రం జర్మనీకి చెందిన వైస్‌బాఖ్, ఫ్రాన్సుకు చెందిన డార్సీ పేర్ల మీద 19వ శతాబ్దం నుంచీ ఉంది. లోపలి గోడ నున్నగా ఉండే పైపుకు దాని సారం ఇది: పొడవు రెట్టింపైతే నష్టం రెట్టింపు. ప్రవాహం రెట్టింపైతే నష్టం మూడింతలు దాటుతుంది. లోపలి వ్యాసం సగమైతే నష్టం సుమారు ఇరవై ఏడింతలు. అందరూ పొడవునే తిట్టుకుంటారు గానీ అసలు దోషి సన్నదనం.

అంకెల్లో చూస్తే ఇది కళ్లకు కడుతుంది. నిమిషానికి 15 లీటర్లు, 200 బార్ ఇచ్చే యంత్రాన్ని తీసుకుందాం. దుకాణాల్లో, షెడ్లలో వాడే యంత్రాల్లో ఇది మామూలు స్థాయి. పావు ఇంచీ పైపులో మీటరుకు సుమారు 1 బార్ పోతుంది. 60 మీటర్లకు 62 బార్. 3/8 ఇంచీ పైపులో అదే దూరానికి 9 బార్, అర ఇంచీలో రెండున్నర బార్ కన్నా తక్కువ. పావు ఇంచీ పైపులో పోయే 62 బార్ అంటే ఒకటిన్నర కిలోవాట్లు, రెండు హార్స్‌పవర్లకు పైమాటే. ఆ కరెంటంతా పైపులో నీటిని ఒకటిన్నర డిగ్రీ వేడి చేయడానికే ఖర్చవుతుంది. మూడంతస్తుల పైకి పైపు తీసుకెళ్తే ఎత్తు వల్ల పోయేది ఒకటింపావు బార్ మాత్రమే, ఎందుకంటే పది మీటర్ల ఎత్తుకు ఒక బార్. మేడ మీదికి ప్రెషర్ ఎక్కడం లేదంటే తప్పు మేడది కాదు, పైపుది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈ యంత్రాల్లో ఉండేది పిస్టన్ పంపు. ప్రతి చుట్టుకూ ఇంత నీరని అది తోస్తూనే ఉంటుంది, ఎదురొత్తిడి పెరిగిందని తగ్గదు. కాబట్టి పైపు పొడవు పెంచితే ముందు పెరిగేది పంపు దగ్గరి ఒత్తిడి. అది 200 బార్ దాటబోతుంటే అన్‌లోడర్ వాల్వు తెరుచుకుని కొంత నీటిని వెనక్కి మళ్లిస్తుంది. పై ఉదాహరణలో నాజిల్ మార్చకుండా 60 మీటర్ల పావు ఇంచీ పైపు తగిలిస్తే గన్ దగ్గరకు వచ్చేది 13 లీటర్లు, సుమారు 150 బార్. మిగతా రెండు లీటర్లు యంత్రంలోనే తిరుగుతాయి. యంత్రం మీది మీటరు మాత్రం 200 చూపిస్తూనే ఉంటుంది. గన్ మీట వదిలేసి రెండు చివర్లా మీటర్లు పెట్టి చూసినా ఒకే అంకె వస్తుంది, ఎందుకంటే నీరు కదలనప్పుడు రాపిడే లేదు. నష్టం తెలియాలంటే గన్ తెరిచి ఉంచి, దాని ముందు పెట్టిన మీటరు చూడాలి.

అలాంటి చోట నాజిల్ రంధ్రం పెద్దది చేయడం మేలు. నాజిల్ మీది 04, 05 వంటి అంకెలు 4,000 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి ఎన్ని అమెరికన్ గ్యాలన్లు పోతాయో చెబుతాయి. 045 తీసి 055 లేదా 06 పెడితే పూర్తి 15 లీటర్లూ గన్‌కు చేరతాయి. ఒత్తిడి ఇంకొంచెం తగ్గినా నీటి దెబ్బ తగ్గదు, 055తో పదో వంతు దాకా పెరుగుతుంది కూడా. దెబ్బ ఒత్తిడి ఒక్కదాని మీదే ఆధారపడదు, నీటి పరిమాణం కూడా ముఖ్యమే.

యంత్రాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. దాన్ని పని దగ్గరికి తెచ్చి, కుళాయి నుంచి మామూలు తోట పైపు దూరం లాగడం సులువుగా కనిపిస్తుంది. నిజానికి ముప్పు అక్కడే ఎక్కువ. అర ఇంచీ తోట పైపు 30 మీటర్లు ఉంటే 15 లీటర్లకు 1.2 బార్ కావాలి. సంపు నుంచి నీరు పీల్చే పంపుకు దొరికేది వాతావరణ పీడనం, అంటే ఒక్క బార్. ముంబైలో చాలా పేటలకు కుళాయి నీరు రోజులో కొన్ని గంటలే వస్తుంది. మిగతా వేళ సంపులూ డ్రమ్ములే గతి. పంపుకు నీరు చాలకపోతే లోపల ఆవిరి బుడగలు పుట్టి పగులుతూ వాల్వులనూ సీళ్లనూ తినేస్తాయి. ముప్పావు ఇంచీ పైపైతే అదే దూరానికి నష్టం 0.2 బార్ లోపే. యంత్రం నీటి పక్కన ఉండాలి, దూరం పోవాల్సింది హైప్రెషర్ పైపే.

ఆ పైపు లావుగా ఉంటే బరువు. రెండు వరసల ఉక్కు అల్లికతో ఉన్న అర ఇంచీ పైపును ఇరుకు చెక్కమెట్ల మీద లాగడం మనిషిని అలసిపోయేలా చేసే పని. అందుకు మధ్యేమార్గం ఉంది. యాభై మీటర్లు 3/8 ఇంచీ వేసి, చేతిలో తిరిగే చివరి పది మీటర్లు పావు ఇంచీ తగిలిస్తే నష్టం 18 బార్ దగ్గర ఆగుతుంది. అతుకులు ఎన్ని తక్కువైతే అంత మంచిది; చాలా కప్లింగుల లోపలి రంధ్రం పైపు కన్నా సన్నం. పైపు మీద రాసిన పనిచేసే ఒత్తిడి యంత్రం ఇచ్చేదానికన్నా ఎక్కువ ఉండాలి. పైపు చిల్లి పడి సన్నని ధార కారుతుంటే చేత్తో తడిమి చూడకూడదు. అది చర్మాన్ని చీల్చి లోపలికి దూరగలదు. పైకి సూది గుచ్చినట్టు కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన గాయం అది.

పాత చాల్‌లకు అసలు 200 బార్ అక్కర్లేదు. సున్నపు గారనూ పాత చెక్కనూ అంత ఒత్తిడితో దగ్గరి నుంచి కొడితే నాచుతో పాటు గోడా ఊడి వస్తుంది. వెడల్పుగా చిమ్మే నాజిల్, కొంచెం దూరం, తగ్గించిన ఒత్తిడి చాలు. నీరు ఎక్కువ కావాల్సింది హౌస్ గల్లీలో. రెండు వరసల ఇళ్ల వీపుల మధ్య మురుగు గొట్టాలు దిగే ఆ సన్నని సందులో చేరిన బురదను కదిలించాలంటే దెబ్బ కావాలి, కదిలినదాన్ని కాలువ దాకా తోసుకుపోవాలంటే ప్రవాహం కావాలి. తరాలుగా ఇలాంటి చోట్లకు మనుషుల్నే దింపారు. చేతులతో మలం ఎత్తించడాన్నీ, రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి దింపడాన్నీ నిషేధిస్తూ చట్టం 2013లో వచ్చింది. లావు పైపు, దానికి తగిన నాజిల్ ఉంటే కార్మికుడు బురదలో నిలబడకుండా సందు మొదట్లో నుంచే చాలావరకు కడగగలడు. కాబట్టి ఈ సందుల కోసం యంత్రం కొనేవాళ్లు 200 బార్‌కు బదులు 250 బార్ కోసం పెట్టే డబ్బు 3/8 ఇంచీ పైపు మీద పెట్టడం సరైన లెక్క.