ఇసుక నేలలో బావి త్రవ్వకము



అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట ప్రాంతములలో సముద్రతీరపు టిసుక నేలలయందు నీటికై లోతుగా పోనక్కరలేదు. దొరువులు తీసి కడవలతో మొక్కలకు నీరు పోయుట మన పెద్దలనాటి అలవాటు. త్రవ్వుట సులభమగుటయే యిచ్చట అపాయమునకు మూలము. రాతినేలలో దిగువాడు జంకుచు దిగును. ఇసుకలో దిగువానికి జంకు లేదు.

పిల్లలు పాదముపై తడి యిసుక గప్పి పిచ్చుకగూళ్లు కట్టుదురు గదా! పాదము తీసినను గూడు నిలుచును. ఎండ తగిలిన రాలును, అల తాకిన కరగును. రేణువుల నడుమనున్న కొంచెపు తడియే వానిని పట్టియుంచును. అది యారినను, మిక్కుటమైనను పట్టు సడలును. బావిగోడయు నంతే. ఉదయము చెక్కినట్లున్న గోడ మధ్యాహ్నమునకు పైన ఆరును, అడుగున ఊటకు నానును. పెక్కుమారులు చప్పుడైనను లేకయే కూలును.

నిడివి, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మీటరు గల తడి యిసుక ముద్ద దాదాపు 17 క్వింటాళ్లు తూగును. తల మునుగనక్కరలేదు. రొమ్ముదాక కూరుకొనినవాడు ఊపిరి విడిచినకొలది ఇసుక బిగియును. మరల రొమ్ము విప్పారనీయదు. తల కనుపించుచుండగనే ప్రాణము పోవచ్చును.

దీనికి ఒరల పద్ధతి చక్కని విరుగుడు. పూర్వము కాల్చిన మట్టి ఒరలుండెడివి, నేడు సిమెంటువి. ఒరను ముందుగా నేలపై నిలిపి, పనివాడు దాని లోపలనుండి అంచుక్రింది యిసుకను తీయును. ఒర తన బరువుచేతనే దిగును. దానిపై మరియొకటి నిలుపుదురు. పనివాడెల్లప్పుడును ఒర చాటుననే యుండును. ఇటీవల కొందరు యంత్రముతో గొయ్యి తీయించి, పిమ్మట మనుష్యుని దింపి ఒరలు పేర్పించుచున్నారు. పని త్వరగా తెమలును. కాని యా మనుష్యునికిని గోడకును నడుమ ఏమియు లేదు. ఒరలకు పెట్టిన రూకలు నీటికొరకే యనుకొనుట పొరపాటు.

మీటరున్నర మించిన కందకమునకు దాపుగట్టు కట్టవలెనని 1992 నాటి భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. అనగా ఇంచుమించు 5 అడుగులు. వంగి త్రవ్వువానికి తలమీదికే వచ్చును. తీసిన మట్టిని అంచుననే పోయరాదు, ట్రాక్టరును దరికి రానీయరాదు. నడుమునకు త్రాడున్నదని ధైర్యపడుటయు వ్యర్థము: కూరుకొనినవానిని గుంజినచో కీళ్లు తప్పునే గాని యిసుక వదలదు.

గోడ కూలినంతనే తోడివాడు ఆత్రమున దుముకుట సహజము. వాని బరువుకు మిగిలిన గట్టును విరిగి యిరువురును లోబడుదురు. అప్పుడు గట్టిగా నిలిచి జనమును అంచునుండి వెనుకకు పంపగలవారు పెద్దలే. 101కి ఫోను చేయింపుడు. అంచున పలకలు పరపింపుడు. గట్టు నిలుచునట్లు చేసిన పిమ్మటనే మనిషిని దింపి, ముందు ముఖముచుట్టు, పిదప రొమ్ముచుట్టు ఇసుకను చేతులతో తీయింపుడు. యంత్రపు తొట్టిని దరి చేరనీయకుడు.