బాలింత గదిలో ఎవరి మాట చెల్లుతుంది?

ఆశా కార్యకర్తగా ఏ ఇంటికి వెళ్లినా నేను ముందు మంచి చేసుకునేది బాలింతను కాదు, వాళ్లమ్మను. మా గోదావరి వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. బొడ్డుకేం రాయాలి, లాల ఎప్పుడు పోయాలి, అన్నీ అమ్మమ్మ ఇష్టం. ఆవిడ తర్వాత ఫోనులో అత్తగారు. కన్నతల్లిని అడిగేవాళ్లు తక్కువ.

ఆస్పత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో మేం ఇంటికెళ్లి పిల్లను తూచి, ఒళ్లు చూసి రావాలి. 2011లో దేశమంతా మొదలైన పద్ధతి ఇది. దీనికి దారి చూపింది మహారాష్ట్రలోని గడ్చిరోలి. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లె ఆడవాళ్లకే పని నేర్పి, పసికందుల చావులు సగానికి పైగా తగ్గించారు.

ముర్రుపాల సంగతి చూడండి. గేదెవైతే జున్ను వండి వీధంతా పంచుతాం. తల్లివైతే పిండి పారబోయమనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు! పుట్టిన గంటలోపే పట్టాల్సిన పాలవి. ఆపరేషనయితే ‘పాలు పడలేదు’ అంటూ డబ్బా తెప్పిస్తారు. మొదటిరోజు పిల్లకు పట్టేది చెంచాల లెక్కే అని చెబితే కొందరు ఆగుతారు. తేనె నాకించడం మాత్రం మానిపించలేక చస్తున్నాను. ఏడాది నిండేదాకా అది ప్రమాదమే.

లాలపోసే ఆవిడతో ఇంకో పేచీ. కాళ్ల మీద బోర్లా వేసుకుని ఒళ్లంతా మెల్లగా నూనె రాస్తే నాకేం అభ్యంతరం లేదు. ముక్కులో, చెవుల్లో పోస్తేనే గొడవ. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. సాంబ్రాణి పొగా అంతే, పసి ఊపిరికి పడదు. పుట్టిన రోజంతా అసలు స్నానమే వద్దు, పిల్ల చల్లబడిపోతుంది. బొడ్డుకు పసుపూ బూడిదా వద్దు, పొడిగా వదిలేస్తే అదే రాలిపోతుంది.

పాతవన్నీ చెడ్డవని మాత్రం అనను. పురిటిగదిలోకి పదిమందినీ రానివ్వకపోవడం ఎంత మంచి అలవాటు! ఇప్పుడు ఆస్పత్రి మంచం దగ్గరే పిల్లను చేతులు మార్చుకుంటూ సెల్ఫీలు దిగుతున్నారు.

అమ్మమ్మకు ‘వద్దు’ అంటే వినదు, పని చెబితే వింటుంది. బరువు తక్కువ పిల్లయితే, “పిన్నీ, అమ్మాయి కాసేపు నిద్రపోతుంది. బిడ్డను మీ గుండెకు ఆనించుకుని పైన దుప్పటి కప్పుకోండి” అంటాను. 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన వైద్యమే అది. ఆ వేడి తల్లిదే కానక్కర్లేదు. ఆ పని అప్పజెప్పాక నా మిగతా మాటలూ ఆవిడ చెవికెక్కుతాయి.

దిష్టి తీయొద్దని కూడా నేననను. పిల్ల పాలు మానేసినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60 సార్లకు పైగా రొప్పుతున్నా ముందు 108కి ఫోను చేయండి, బండి వచ్చేలోగా ఎన్ని మిరపకాయలైనా తిప్పుకోండి అంటాను.