తొందరపడని చేతులు

ప్రతి ఇంటి అటకమీదా ఏదో ఒక నిధి ఉంటుంది. మా ఇంట్లో అది ఒక తాటాకుల కట్ట. మా తాతగారికి వాళ్ళ తాతగారిచ్చినదట. ఎం.ఏ. పరీక్ష నెగ్గిన వేసవిలో, పండితుణ్ణయిపోయాననే ధీమాతో ఆ కట్ట దింపి తాడు విప్పాను. ఆకులు ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. కొస పట్టి లాగాను. ఫెళుక్కుమన్నది! మూడు ఆకులు ముక్కలై ఒళ్ళో పడ్డాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అమ్మ ఒక్క మాటే అన్నది: "ఇన్నేళ్ళు ఆగిన ఆకులురా అబ్బాయీ! నువ్వొక్క పూట ఆగలేకపోయావా?"

ఆ మాట గుచ్చుకొన్న తరువాతనే, పాతవస్తువులను కాపాడడం కూడా ఒక విద్య అని, దానికోసం జీవితం ధారపోసినవారున్నారని తెలుసుకొన్నాను. వారిలో నాకు మిక్కిలి నచ్చిన మనిషి ఆల్ఫ్రెడ్ లూకస్ అనే ఆంగ్లేయుడు.

లూకస్ 1867లో మాంచెస్టరులో పుట్టాడు. చదివింది రసాయనశాస్త్రం, చేసింది లండనులో సర్కారు ప్రయోగశాల ఉద్యోగం. అలాగే సాగిపోతే ఆయన పేరు మనదాకా వచ్చేది కాదేమో. కాని క్షయ పట్టుకొన్నది. ఆ రోజుల్లో ఆ జబ్బుకు సరియైన మందు లేదు. పొడిగాలి వీచే దేశానికి వెళ్ళమనేవారు. అలా 1890ల చివర ఆయన ఈజిప్టు చేరాడు. ఉప్పు శాఖలో పనిచేశాడు. బంగారం, వెండి మేలిమి తేల్చే కార్యాలయంలో పనిచేశాడు. తుదకు సర్కారు రసాయనశాలకు అధిపతి అయ్యాడు. నేరపరిశోధనకు రసాయనశాస్త్రం ఎలా తోడ్పడుతుందో చెబుతూ 1921లో ఒక గ్రంథం కూడా వ్రాశాడు. వీటికీ పాతవస్తువులకూ పొత్తేమిటంటారా? నేరం జరిగినచోట దొరికిన సాక్ష్యాన్ని చెడగొట్టకుండా పరీక్షించడం నేర్చినవాడికి, మూడువేల యేండ్లనాటి సాక్ష్యం మాత్రం పరాయిదా?

1922 నవంబరులో హోవార్డ్ కార్టర్ తుతాంఖమూన్ అనే రాజు సమాధిని కనుగొన్నాడు. లోపల అయిదువేలకు పైగా వస్తువులున్నాయి. కంటికి కొత్తవాటిలా కనిపించేవే చేయి తగిలితే పొడి అయిపోయేటట్లున్నాయి. అప్పటికి లూకస్‌కు యాభైయయిదేళ్ళు. ఉద్యోగ విరమణకు ముందు మూడు నెలల సెలవు చేతిలో ఉంది. ఆ సెలవును ఆయన కార్టరుకు ధారపోశాడు. మూడు నెలలనుకొన్న పని 1932దాకా సాగింది!

రెండవ సేతి అనే మరో రాజు సమాధినే వారు ప్రయోగశాలగా మార్చుకొన్నారు. పూసలతో అల్లిన చెప్పులు నేలమీద చక్కగానే ఉండేవి. ఎత్తబోతే దారం చివికిపోయి చేతిలో పూసలే మిగిలేవి. అందుకని వాటిని కదపకుండా, అక్కడే స్టౌమీద మైనం కరిగించి పోసేవారు. అది గట్టిపడేదాకా గంటా రెండు గంటలు ఊరకే కూర్చునేవారు. ఎండిన పూలగుత్తులమీద సెల్యులాయిడ్ ద్రావకం మళ్ళీ మళ్ళీ చల్లితేగాని వాటిని ఎత్తడానికి సాహసించలేదు. రంగుల బొమ్మలు చిత్రించిన పెట్టె ఒక్కదానిలోని బట్టలూ నగలూ బయటికి తీయడానికే మూడు వారాలు పట్టింది.

ఆ మైనం నిర్దోషి అని నేననను. కాలం గడిచినకొద్దీ అది దుమ్ము పట్టి రంగు మారుతుంది. అయితే మైనాన్ని వేడితో మళ్ళీ కరిగించవచ్చు. ఈ విద్యలో నేటి నిపుణులు చెప్పే మొదటి సూత్రం అదే: రేపు వచ్చేవాడు విప్పుకోగలిగినట్లు నేడు కట్టాలి.

ఆ సూత్రం మరచిపోతే ఏమవుతుందో 2014లో లోకం చూసింది. అదే రాజు బంగారు ముఖకవచం గడ్డం కైరో మ్యూజియంలో ఊడివచ్చింది. ఎవరో తొందరపడి ఎపాక్సీ జిగురుతో అతికించారు. పట్టిందంటే వదలని జిగురది. మరుసటి సంవత్సరం నిపుణులు కూర్చుని, బంగారం గీసుకుపోకుండా కర్ర పనిముట్లతో ఆ జిగురును మెల్లమెల్లగా తొలగించవలసివచ్చింది. తరువాత గడ్డాన్ని దేనితో అతికించారో తెలుసా? పూర్వపు ఈజిప్టువారు వాడిన తేనెమైనంతోనే!

ఇక మా తాటాకుల సంగతి. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు నాకు అదే కాలక్షేపం. మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతాను. నిమ్మగడ్డి నూనె గుడ్డకు అద్ది పలచగా రాస్తాను. అంటుకొన్న ఆకుల జోలికి పోను. అవి నేర్చినవారి పని. ముక్కలైన ఆకులను జిగురు పెట్టకుండా, బట్టలో చుట్టి రెండు చెక్కల నడుమ దాచాను.

తీరా చదివితే అది కావ్యమూ కాదు, పురాణమూ కాదు, పశువైద్యం. ఏ ఆవుకు ఏ జబ్బు చేస్తే ఏ ఆకు నూరి పోయాలో మా పెద్దలెవరో గంటంతో ఓపికగా వ్రాసుకొన్నారు. నా చేతిలో విరిగినచోట రెండు మందుల పేర్లు పొట్టయి రాలిపోయాయి. అవి ఏమిటో ఇక ఎవరూ చెప్పలేరు.

మీ ఇంటి అటకమీద కూడా అలాంటి కట్ట ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే, తాడు విప్పేముందు ఒక్క పూట ఆగండి.