వార్డులో సీనియర్, క్లాసులో ఫ్రెషర్

మా పెద్దమ్మ కూతురు కడపలో ఎనిమిదేళ్లు ఐసీయూ నర్సు. ఎమ్మెస్సీ అయ్యాక ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేరింది. మొదటిరోజే చేతిలో టైమ్‌టేబుల్ పెట్టి క్లాసుకు పంపేశారు. ట్రైనింగ్ అంతే! మా సాఫ్ట్‌వేర్‌లో నిన్న చేరిన కుర్రోడికి కూడా కేటీ ఇస్తాం, పక్కన ఒక సీనియర్‌ను పెడతాం.

"కళ్లు మూసుకోనైనా నరం పట్టుకుంటా. ఎట్ల పట్టుకున్నావో చెప్పమంటే మాట రాదురా" అనింది అక్క.

రెండేళ్ల ఎమ్మెస్సీలో నర్సింగ్ ఎడ్యుకేషన్ అని సబ్జెక్టు ఉంది. కానీ పరీక్ష రాయడం వేరు, పిల్లల ముందు నిలబడటం వేరు. పదిమంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలంటుంది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. ఆ లెక్క సరిపోతే చాలనుకుంటే ఎట్లా?

స్లైడ్లు పక్కనపెట్టి, రాత్రి డ్యూటీలో బీపీ పడిపోయిన పేషెంటుతో పాఠం మొదలుపెట్టమన్నా. ఆ రోజు ఫోన్లు పక్కన పెట్టి విన్నారంట పిల్లలు. తర్వాత ఒక సీనియర్ మేడం రెండు వారాలు వెనకబెంచీలో కూర్చుని, ఎక్కడ తొందరపడుతోందో చెప్పింది. నా ఐడియా కంటే అదే ఎక్కువ పనిచేసింది, ఒప్పుకోవాలి.

జీతం మాత్రం వార్డులో కంటే తక్కువ. "మళ్లీ డ్యూటీకే పోతా" అని నెలకోసారైనా అంటుంది. అయినా ఈసారి కొత్తగా చేరే ట్యూటర్ల క్లాసుల్లో వెనకబెంచీకి తానే పోతానని ప్రిన్సిపాల్‌ను అడిగిందంట.